పాత విండోస్ 98 కంప్యూటర్‌కి కొత్త డిస్క్: ఎంత సైజు పెట్టొచ్చు, ఎలా పెట్టాలి

"అటక మీద నుంచి పాత పెంటియమ్ దించాను. హార్డ్ డిస్క్ టకటకమని కొట్టుకుంటోంది. దాని బదులు ఎంత పెద్దది పెట్టొచ్చు?" అని నన్ను అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొందరికి చిన్నప్పటి గేములు కావాలి. ఇంకొందరు డీటీపీ పని, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని చేసినవాళ్లు. పాత పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో చేసిన శుభలేఖలూ కరపత్రాలూ కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి కాబట్టి ఆ పాత మిషనే బతకాలి వాళ్లకి.

ఒక్క ముక్కలో జవాబు కావాలంటే, హార్డ్ డిస్క్ బదులు మంచి కంపెనీ 32 జీబీ మెమరీ కార్డు కొనండి. విండోస్ 98 మామూలుగా ఎక్కించడానికి అర జీబీ కూడా పట్టదు. డబ్బా మీద 128 అని చూసి ఆశపడితే తర్వాత తలనొప్పి మీదే.

అసలు "దీని లిమిట్ ఎంత" అనే ప్రశ్నకి ఒకే జవాబు లేదు. బయోస్‌కి (ఆన్ చేయగానే మదర్‌బోర్డు నడిపే ప్రోగ్రామ్) ఒక గీత ఉంటుంది, ఎఫ్‌డిస్క్‌కి (డిస్క్‌ని ముక్కలు చేసే ప్రోగ్రామ్) ఒకటి, ఫైల్ సిస్టమ్‌కి (డిస్క్‌లో ఫైళ్లు అమర్చే పద్ధతి) ఒకటి, విండోస్ డ్రైవర్‌కి ఇంకొకటి. వీటిలో ఏది చిన్నదైతే అదే మీ కంప్యూటర్ లిమిట్. కింద రాసినవి దగ్గర పెట్టుకోండి, మిగతా థియరీ అక్కర్లేదు.

- 504 ఎంబీ: 1994కి ముందు 486లు, అంటే పెంటియమ్‌కి ముందు తరం కంప్యూటర్ల బయోస్ ఎక్కువగా ఇక్కడే ఆగిపోతుంది.
- 2 జీబీ: ఫ్యాట్16 అనే పాత ఫైల్ సిస్టమ్‌లో పార్టిషన్ (డిస్క్‌లో ఒక ముక్క) ఇంతకు మించదు. డాస్ 6.22, మొదటి విండోస్ 95 రెండూ ఇంతే.
- 8.4 జీబీ: పాత బయోస్‌ల తర్వాతి గీత. డాస్ 6.22 అయితే బయోస్ ఎంత కొత్తదైనా ఇంతకు మించి చూడలేదు.
- 33.8 జీబీ: 1999 మధ్యకు ముందు వచ్చిన చాలా అవార్డ్ బయోస్‌లు ఇంతకన్నా పెద్ద డిస్క్ కనిపిస్తే బూట్‌లోనే బిగుసుకుపోతాయి.
- 64 జీబీ: విండోస్ 98తో వచ్చిన అసలు ఎఫ్‌డిస్క్‌కి ఇది దాటితే లెక్క తప్పుతుంది.
- 137 జీబీ: ఐడీఈ (పాత హార్డ్ డిస్క్‌ల కనెక్షన్) కోసం విండోస్ 98లో ఉన్న సొంత డ్రైవర్ ఇంతవరకే. ఇదొక్కటే నిజంగా ప్రమాదకరం, ఎందుకో చివర్లో చెప్తాను.

32 జీబీ అని అమ్మే కార్డు 33.8 కంటే కాస్త తక్కువే ఉంటుంది. అందుకే ఆ సైజు చెప్పాను.

కావలసినవి

- 32 జీబీ లేదా అంతకు తక్కువ కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు, దాన్ని ఐడీఈకి కలిపే అడాప్టర్. ఇది దొరక్కపోతే ఎస్‌డీ కార్డు, ఎస్‌డీ నుంచి ఐడీఈ అడాప్టర్. డెస్క్‌టాప్‌కి 40 పిన్నులది, లాప్‌టాప్‌కి 44 పిన్నులది.
- విండోస్ 98 సెకండ్ ఎడిషన్ సీడీ, స్టార్టప్ ఫ్లాపీ. సీడీ నుంచే బూట్ అయితే ఫ్లాపీ అక్కర్లేదు.
- కొత్త సీఆర్ 2032 బ్యాటరీ. పాతది ఎలాగూ చచ్చిపోయే ఉంటుంది.
- ఐడీఈ నుంచి యూఎస్‌బీ కన్వర్టర్, పాత డిస్క్‌లోవి కాపీ చేసుకోవడానికి.
- మామూలు కొత్త కంప్యూటర్ ఒకటి, కార్డు రీడర్.

1. ముందు పాత డిస్క్‌లోవి బయటికి తీయండి

టకటక శబ్దం వస్తున్న డిస్క్‌ని "ఇంకోసారి చూద్దాం" అని మళ్లీ మళ్లీ ఆన్ చేయకండి. విప్పి, కన్వర్టర్‌తో కొత్త కంప్యూటర్‌కి తగిలించి, కావలసిన ఫోల్డర్లు ముందు కాపీ చేసుకోండి. డీటీపీ వాళ్లు పేజ్‌మేకర్ ఫైళ్లతో పాటు విండోస్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం తీసుకోవాలి. ఫాంట్ లేకుండా ఫైల్ మాత్రం మిగిలితే చదవడానికేమీ ఉండదు. ఈ డిస్క్‌ని మళ్లీ వాడకండి, పారేయకండి కూడా. పేరు రాసి పక్కన పెట్టండి.

2. కార్డు అసలుదో నకిలీదో తేల్చుకోండి

ఈ మెట్టు దాటేసినవాళ్లే తర్వాత ఎక్కువ బాధపడతారు. బజారులో నకిలీ కార్డులు బోలెడు. పైన 32 అని రాసి లోపల 4 జీబీ పెట్టి, లోపలి లెక్క మార్చేసి అమ్ముతారు. 4 జీబీ దాటాక రాసినవి గాలిలో కలుస్తాయి. తప్పు కార్డుది, తిట్లు పాత బయోస్‌కి. కొత్త కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లేదా లినక్స్ అయితే ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రామ్‌తో కార్డంతా నింపి, తిరిగి చదివించండి. గంటో రెండు గంటలో పడుతుంది, పట్టనివ్వండి. ఒక్క తప్పు వచ్చినా కార్డు వాపస్ ఇచ్చేయండి.

పరీక్ష కొత్త కంప్యూటర్‌లో చేయండి కానీ పార్టిషన్ మాత్రం అక్కడ చేయకండి. కార్డు రీడర్‌లో ఒక లెక్కతో చేసిన పార్టిషన్‌ని పాత బయోస్ ఇంకో లెక్కతో చదువుతుంది. ఫైళ్లన్నీ ఉన్నట్టే ఉంటాయి, బూట్ మాత్రం అవదు. పార్టిషనూ ఫార్మాటూ రెండూ ఆ పాత మిషన్ మీదే జరగాలి.

3. బయోస్ తేదీ చూడండి, బ్యాటరీ మార్చండి

ఆన్ చేయగానే పాజ్ కీ నొక్కండి. అవార్డ్ బయోస్ అయితే స్క్రీన్ కింద ఎడమ మూలన తేదీతో మొదలయ్యే పొడవాటి వరుస కనిపిస్తుంది. అది 1999 చివరిదో 2000దో అయితే నిశ్చింతగా ఉండొచ్చు. 1997, 98 అయితే 8.4 దగ్గరో 33.8 దగ్గరో ఆగే అవకాశం ఉంది. ఏం కంగారు లేదు, 32 జీబీ కార్డుని 8.4 గానే చూపించినా విండోస్ 98కి అది బోలెడు చోటు.

తర్వాత కరెంటు ప్లగ్ పూర్తిగా పీకేసి బ్యాటరీ మార్చండి. బ్యాటరీ చచ్చిపోతే ఆపిన ప్రతిసారీ బయోస్ సెట్టింగులు చెరిగిపోతాయి. నిన్న ఎల్‌బీఏలో (బయోస్ డిస్క్‌ని లెక్కపెట్టే ఒక మోడ్) ఉన్న డిస్క్ ఇవాళ ఇంకో మోడ్‌లోకి జారితే "డిస్క్ ఖాళీ అయిపోయింది" అనిపిస్తుంది.

4. అడాప్టర్ బిగించండి

అడాప్టర్ మీద జంపర్ (పిన్నుల మీద తొడిగే చిన్న టోపీ) మాస్టర్‌లో ఉండాలి. కేబుల్ ఎర్ర గీత ఒకటో పిన్ను వైపు. 40 పిన్నుల అడాప్టర్‌కి కరెంటు విడిగా ఇవ్వాలి, చాలామంది మరిచిపోయేది అదే. సీడీ డ్రైవ్‌ని వీలైతే రెండో ఐడీఈ కేబుల్ మీదకి మార్చండి. కొన్ని చవక అడాప్టర్లకి ఒకే కేబుల్ మీద ఇంకో డ్రైవ్ ఉంటే పడదు.

డిలీట్ కీతో బయోస్‌లోకి వెళ్లి హార్డ్ డిస్క్ ఆటో డిటెక్షన్ నడపండి. నార్మల్, లార్జ్, ఎల్‌బీఏ అని మూడు మోడ్‌లు చూపిస్తే ఎల్‌బీఏ ఎంచుకోండి. ఆ మోడ్ పేరు, అది చూపించిన సైజు ఒక చీటీ మీద రాసి క్యాబినెట్ లోపల అతికించండి. ఇది చాదస్తం కాదు. ఒకసారి నేనే సెట్టింగులు తిరగేస్తూ ఎల్‌బీఏని లార్జ్‌కి మార్చేసి, డిస్క్ పోయిందనుకుని మొత్తం మళ్లీ ఫార్మాట్ చేశాను. వెనక్కి మార్చి ఉంటే అన్నీ అలాగే ఉండేవి.

5. ఎఫ్‌డిస్క్‌తో పార్టిషన్లు

ఫ్లాపీ నుంచి బూట్ అయ్యి ఎఫ్‌డిస్క్ అని కొట్టండి. పెద్ద డిస్క్ సపోర్ట్ కావాలా అని అడుగుతుంది. వై కొట్టండి. ఎన్ కొడితే ఫ్యాట్16 మాత్రమే వస్తుంది, 2 జీబీ దగ్గర ఇరుక్కుంటారు. "విండోస్ 98 నా డిస్క్‌ని 2 జీబీయే చూపిస్తోంది" అని అడిగేవాళ్లు ఎక్కువగా ఇక్కడే తప్పు చేసి ఉంటారు.

నేను చేసుకునే పద్ధతి ఇది.

- సి: 7500 ఎంబీ. 8 జీబీ లోపు ఉంటే ఫ్యాట్32 క్లస్టర్ (ఫైల్‌కి కేటాయించే అతి చిన్న ముక్క) 4 కేబీ, చిన్న ఫైళ్లకి చోటు వృథా కాదు. పాత 8.4 గీతకి కూడా లోపలే ఉంటుంది.
- ఈ: 1900 ఎంబీ. పాత గేములకి మాత్రమే.
- డి: మిగిలినదంతా.

ఆ 1900 ఎందుకంటే, కొన్ని పాత ఇన్‌స్టలేషన్ ప్రోగ్రామ్‌లు 2 జీబీ కంటే ఎక్కువ ఖాళీ చూస్తే లెక్క తప్పి "డిస్క్‌లో చోటు లేదు" అంటాయి. ఇరవై జీబీ ఖాళీ పెట్టుకుని చోటు లేదనిపించుకోవడం కంటే వాటికో చిన్న గది కేటాయిస్తే గొడవ ఉండదు.

మెనూలో 1, మళ్లీ 1 నొక్కితే ప్రైమరీ పార్టిషన్. మొత్తం సైజు వాడాలా అని అడిగినప్పుడు ఎన్ కొట్టి 7500 ఇవ్వండి. తర్వాత ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ మిగిలినదంతా, అందులో లాజికల్ డ్రైవ్‌లు. ముందు డి, తర్వాత ఈ. డి సైజు ఇచ్చేటప్పుడు ఈకి 1900 మిగిలేలా లెక్క వేసుకోండి.

ఎన్ కొట్టారు కాబట్టి పార్టిషన్ దానంతట అది యాక్టివ్ అవదు. మెనూలో 2 నొక్కి మొదటి పార్టిషన్‌ని మీరే యాక్టివ్ చేయాలి. మరిచిపోతే ఇన్‌స్టలేషన్ అంతా సాఫీగా జరిగినట్టే ఉండి, చివర్లో బూట్ అవదు. తర్వాత 4 నొక్కి పార్టిషన్ల పట్టిక చూడండి, సి పక్కన ఏ అనే అక్షరం ఉండాలి.

ఎస్కేప్ కొట్టి బయటికి వచ్చాక కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. రీస్టార్ట్ చేయకుండా ఫార్మాట్‌కి వెళ్తే పాత లెక్కతోనే నడుస్తుంది.

కొత్త కార్డుల్లో బూట్ కోడ్ ఉండకపోవచ్చు. అన్నీ సరిగ్గా చేసినా నల్ల స్క్రీన్ మీద గీత ఒక్కటే మిణుకుతూ కూర్చుంటే, ఫ్లాపీ నుంచి బూట్ అయ్యి ఎఫ్‌డిస్క్ తర్వాత ఖాళీ వదిలి స్లాష్ ఎంబీఆర్ అని కొట్టండి. చాలాసార్లు అదే మందు.

6. ఫార్మాట్

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. స్టార్టప్ ఫ్లాపీ తన టూల్స్ పెట్టుకోవడానికి మెమరీలో ఒక చిన్న ఉత్తుత్తి డ్రైవ్ తయారు చేసుకుంటుంది. హార్డ్ డిస్క్‌లో పార్టిషన్ ఏదీ కనబడకపోతే ఆ ఉత్తుత్తి డ్రైవే సి అవుతుంది. దాన్ని ఫార్మాట్ చేసి "32 జీబీ కార్డు 2 ఎంబీ చూపిస్తోంది" అని గాబరా పడతారు. ఫార్మాట్ కొట్టే ముందు డైరెక్టరీ చూసి, టూల్స్ ఫైళ్లు అక్కడ కనిపిస్తే అది మీ కార్డు కాదు. ఐదో మెట్టుకి వెనక్కి వెళ్లండి. సీడీ డ్రైవ్ అక్షరం ఒకటి ముందుకు జరగడానికి కారణం కూడా ఇదే.

సి అనుకున్న సైజులోనే ఉంటే, ఫార్మాట్, ఖాళీ, సి, కోలన్, ఖాళీ, స్లాష్ ఎస్ అని కొట్టండి. మొదట్లో అది చెప్పే సైజు 7500కి దగ్గరగా ఉండాలి. డి, ఈలకి స్లాష్ ఎస్ అక్కర్లేదు. మధ్యలో అలకేషన్ యూనిట్ రికవర్ చేస్తున్నానని మెసేజ్‌లు వరసగా వస్తే కార్డుని వెంటనే అనుమానించకండి. కేబుల్ మార్చి, అడాప్టర్ మార్చి మళ్లీ చూడండి. రెండో మెట్టులో కార్డు పాసైంది కదా.

7. విండోస్ ఎక్కించండి

సీడీలో విన్98 అనే ఫోల్డర్‌ని ముందు డిలోకి కాపీ చేసి, అక్కడి నుంచే సెటప్ నడపండి. తర్వాత ప్రతి డ్రైవర్‌కీ "సీడీ పెట్టు" అని అడగదు.

ఎక్కిన తర్వాత డివైస్ మేనేజర్‌లో డిస్క్‌కి డీఎంఏ (ప్రాసెసర్‌ని ఇబ్బంది పెట్టకుండా డిస్క్ నేరుగా మెమరీకి డేటా పంపే పద్ధతి) అనే చిన్న పెట్టె ఉంటుంది. టిక్ పెడితే వేగం పెరుగుతుంది. అయితే చవక కాంపాక్ట్ ఫ్లాష్ అడాప్టర్లలో కొన్నిటికి డీఎంఏ తీగలే కలపరు. అలాంటి వాటికి టిక్ పెడితే తర్వాతి బూట్ మధ్యలో ఆగిపోతుంది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి టిక్ తీసేస్తే సరి. తొందరేం లేదు, అన్ని పరీక్షలూ అయ్యాక చివర్లో ప్రయత్నించండి.

8. సరిగ్గా వచ్చిందో లేదో తేల్చుకోండి

బూట్ అయ్యింది కదా అని సంబరపడకండి. లిమిట్ తప్పులు డిస్క్ ఖాళీగా ఉన్నంత కాలం కనబడవు, గీత దాటిన రోజు బయటపడతాయి. ఈ మూడు పరీక్షలూ చేయండి.

మొదటిది, బయోస్‌లో రాసుకున్న సైజు, ఎఫ్‌డిస్క్ చెప్పింది, మై కంప్యూటర్‌లో మూడు డ్రైవ్‌ల మొత్తం దగ్గరగా ఉన్నాయా చూడండి. కంపెనీ వాళ్లు వెయ్యితో లెక్కిస్తారు, విండోస్ 1024తో. 80 జీబీ డిస్క్ 74.5గా కనబడటం తప్పు కాదు. 32 అన్నది 8గా కనబడితే మాత్రం అది బయోస్ గీత.

రెండోది, కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్, అందులో పెర్ఫార్మెన్స్. డ్రైవ్‌లు డాస్ కంపాటిబిలిటీ మోడ్‌లో ఉన్నాయని అక్కడ ఉంటే డిస్క్‌ని విండోస్ తన డ్రైవర్‌తో నడపడం లేదని అర్థం. మదర్‌బోర్డు చిప్‌సెట్ డ్రైవర్లు ఎక్కించి మళ్లీ చూడండి.

మూడోది అసలైన పరీక్ష. ఐదారు వందల ఎంబీల జిప్ ఫైల్ ఒకటి తీసుకుని, పేర్లు మారుస్తూ డి నిండేదాకా కాపీ చేయండి. తర్వాత ఈ కూడా నింపండి, ఎందుకంటే కార్డు చివరి భాగం అక్కడే ఉంది. కంప్యూటర్ పూర్తిగా ఆపి, పది నిమిషాలాగి ఆన్ చేయండి. మొదటి ఫైలూ చివరి ఫైలూ జిప్ ప్రోగ్రామ్‌లో టెస్ట్ చేయించండి, రెండూ పాసవ్వాలి. సి మీద స్కాన్‌డిస్క్ నడపండి. రాసింది గీత దాటి వెనక్కి చుట్టుకుంటే దెబ్బ తగిలేది డిస్క్ మొదట్లో ఉన్న సికే. అందుకే డి నింపి సిని చూడమంటున్నాను.

మీ దగ్గర ఇప్పటికే పెద్ద డిస్క్ ఉంటే

80 జీబీ డిస్క్‌కి అసలు ఎఫ్‌డిస్క్ 10783 ఎంబీ అని చెప్తుంది. 65536 ఎంబీలు తీసేసి మిగిలినదే చూపిస్తుందన్నమాట. దీనికి మైక్రోసాఫ్ట్ సవరించిన ఎఫ్‌డిస్క్ విడుదల చేసింది, అది వాడండి. లక్ష ఎంబీ దాటిన డిస్క్‌కి అదీ అంకెలు సరిగ్గా చూపలేదు, అప్పుడు సైజుకి బదులు శాతం ఇవ్వండి. ఫార్మాట్ ప్రోగ్రామ్ కూడా 64 దాటితే తప్పు సైజు చెప్తుంది కానీ పని సరిగ్గానే చేస్తుంది, టెన్షన్ పడొద్దు.

160 జీబీ, అంతకంటే పెద్ద డిస్క్‌ల కథ వేరు. బయోస్ కొత్తదైతే మొత్తం సైజూ చూపిస్తుంది, ఎఫ్‌డిస్క్ ఒప్పుకుంటుంది, విండోస్ ఎక్కుతుంది. కానీ విండోస్ 98 డ్రైవర్ సెక్టర్ నంబర్‌ని 28 బిట్లలోనే రాస్తుంది. 137 జీబీ దాటిన రోజు ఆ నంబర్ మళ్లీ సున్నా నుంచి మొదలై, కొత్త ఫైల్ వెళ్లి పార్టిషన్ పట్టిక మీద పడుతుంది. ముందస్తు హెచ్చరికేమీ రాదు. నెలల తరబడి బాగా నడిచిన కంప్యూటర్ ఒక పొద్దున బూట్ అవదు, అంతే.

అలాంటి డిస్కే వాడాల్సి వస్తే పార్టిషన్లన్నీ కలిపి 120 జీబీ లోపు చేసి, మిగతాది ముట్టుకోకుండా ఖాళీగా వదిలేయండి. సొంత బయోస్, సొంత విండోస్ 98 డ్రైవర్ ఉన్న పీసీఐ ఐడీఈ కార్డు దొరికితే 137 దాటొచ్చు. అప్పుడు కూడా ఒక్కో పార్టిషన్ 127 జీబీ మించనివ్వకండి, ఆ పైన స్కాన్‌డిస్క్ పనిచేయదు. ఔత్సాహికులు సవరించిన డ్రైవర్లూ ఉన్నాయి కానీ, పోతే బాధపడే ఫైళ్లున్న మిషన్ మీద నేనైతే వాటి జోలికి వెళ్లను.

486, డాస్ 6.22 వాళ్లకి

మీ పని ఇంకా తేలిక. బయోస్ 504 ఎంబీ దగ్గర ఆగితే 512 ఎంబీ కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు దానికోసమే చేసినట్టు సరిపోతుంది. ఇంకా కావాలంటే ఎక్స్‌టీ ఐడీఈ యూనివర్సల్ బయోస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ని చిప్‌లోకి ఎక్కించి, పాత నెట్‌వర్క్ కార్డు మీద ఖాళీగా ఉండే రోమ్ సాకెట్‌లో పెట్టుకోవచ్చు. అప్పుడు 8 జీబీ కార్డుని 2 జీబీ చొప్పున నాలుగు ముక్కలు చేసుకోండి.

డిస్క్ మేనేజర్ లాంటి ఓవర్లే సాఫ్ట్‌వేర్ (బూట్‌లో ముందే లోడై బయోస్ గీతని దాటించేది) ఆ రోజుల్లో డిస్క్‌తో పాటే ఇచ్చేవాళ్లు. అది పనిచేస్తుంది కానీ, నేరుగా ఫ్లాపీ నుంచి బూట్ అయితే పార్టిషన్లు చెత్తగా కనిపిస్తాయి. ఆ చెత్త చూసి ఎఫ్‌డిస్క్ నడిపారా, ఉన్నవి కూడా పోతాయి. ముందు డిస్క్ నుంచి ఓవర్లేని లోడ్ అవనిచ్చి, ఫ్లాపీ కోసం అది అడిగే కీ నొక్కాలి.

రెండో డిస్క్ కలిపేవాళ్లు దాని మీద ప్రైమరీ పార్టిషన్ చేయకండి, ఎక్స్‌టెండెడ్ మాత్రమే చేయండి. డాస్ ముందు అన్ని డిస్క్‌ల ప్రైమరీలకి అక్షరాలు ఇచ్చి, తర్వాతే లాజికల్ వాటికి ఇస్తుంది. రెండో డిస్క్ ప్రైమరీ డి అయిపోతే, నిన్నటిదాకా డిలో ఉన్న మీ పేజ్‌మేకర్ ఫైళ్లు ఈలోకి జరుగుతాయి, షార్ట్‌కట్లన్నీ తప్పు చోటు చూపిస్తాయి. ఇప్పటికే అలా జరిగిపోతే కంగారుపడి ఏదీ ఫార్మాట్ చేయకండి. రెండో డిస్క్ కేబుల్ పీకి బూట్ చేయండి, అక్షరాలు వాటి చోటికి అవే వస్తాయి.